చైనీస్ పాఠంలో ఒకే 'మా'కి నాలుగు స్పెల్లింగులు, అచ్చుతప్పులా?

రాత్రిబండి: మూడు గంటల నుంచి కొట్టుకుంటున్నాను. పాఠంలో ఎం-హెచ్-ఏ, ఎం-ఏ, ఎం-ఏ-ఏ, ఎం-ఏ-హెచ్ అని వరసగా ఉన్నాయి. డిక్షనరీ యాప్‌లో కొడితే రెండోదానికి తప్ప దేనికీ ఏమీ రావడం లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

చిన్నక్క: ఏ పుస్తకం? ఎప్పటిది?

పాతఅట్ట: చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పాత వేడ్-జైల్స్ పద్ధతి అయి ఉంటుంది. అందులో అపాస్ట్రఫీలే టోన్లు, అంటే అర్థాన్ని మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు.

చిన్నక్క: కాదు. అందులో అపాస్ట్రఫీ మన ప-ఫ లాంటి తేడా కోసం. టోన్‌కి అక్షరాల పక్కన పైన 1 నుంచి 4 దాకా అంకె వేస్తారు. అచ్చులో చాలామంది రెండూ ఎగ్గొట్టేవాళ్లు, అందుకే ఈ గందరగోళం.

మాస్టారు: ముందు 'టోన్' అనడం మానండి. స్వరం అనే మాట ఉంది కదా. ఋగ్వేదం ముద్రణలో అనుదాత్తం, స్వరితం అనే వేద స్వరాల్లో మొదటిదానికి అక్షరం కింద అడ్డగీత, రెండోదానికి పైన నిలువుగీత ఎప్పటినుంచో పెడుతున్నారు.

పాతఅట్ట: మాస్టారూ, స్వరం అంటే అ, ఆ లాంటి అచ్చు అని కూడా అర్థం. ఇక్కడ అచ్చుల గురించే మాట్లాడుతున్నాం, ఇంకా చిక్కు.

రాత్రిబండి: అట్ట మీద హార్వర్డ్, 1948 అని ఉంది. అది కూడా కావాలా?

చిన్నక్క: అదే మొదట చెప్పాల్సింది తమ్ముడూ! భాషావేత్త యువెన్ రెన్ ఛావో పుస్తకం అయి ఉంటుంది. 1928లో చైనా ప్రభుత్వం ఆమోదించిన గ్వోయూ రోమాట్సి పద్ధతి అది. తయారుచేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. అందులో గుర్తులూ అంకెలూ ఉండవు, టోన్ స్పెల్లింగులోనే ఉంటుంది. నీ నాలుగూ వరసగా అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు. ఎం, ఎన్, ఎల్, ఆర్‌లతో మొదలైతే మామూలు స్పెల్లింగు రెండో టోన్, మొదటిదానికి హెచ్ చేరుస్తారు. మిగతా అక్షరాలకు మామూలుదే మొదటిది, రెండోదానికి తరచుగా ఆర్ వస్తుంది. నీ యాప్‌ది 1958 నాటి పిన్‌యిన్ అనే వేరే పద్ధతి, అందులో టోన్‌కి అచ్చు అక్షరం పైన గుర్తు.

పాతఅట్ట: చైనాలో షాన్‌షీ పేరుతో రెండు రాష్ట్రాలున్నాయి కదా, ఒకదాని ఇంగ్లీషు స్పెల్లింగులో డబుల్ ఏ ఎందుకు?

చిన్నక్క: గుర్తులు తీసేస్తే పిన్‌యిన్‌లో రెండూ ఒకటే. అందుకే మూడో టోన్ ఉన్నదానికి ఛావో వాళ్ల డబుల్ ఏ అరువు తెచ్చుకున్నారు.

రాత్రిబండి: ఒక ఏ తీసేసి మూడో గుర్తు పెట్టా, గుర్రం వచ్చింది. థాంక్సక్కా. ఆర్‌ల సంగతి రేపు.

మాస్టారు: ఇంతకీ స్వరమా, టోనా?