సోలార్ స్టిల్‌లో (ఎండతో ఉప్పునీళ్ళని ఆవిరి చేసి మంచినీళ్ళు పట్టే తొట్టి) రోజుకి లీటరు కూడా రావట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

దివిసీమ కుర్రాడు:
మాది నాగాయలంక దగ్గరండీ. బోరు నీళ్ళు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు) మీటర్‌లో 3200 చూపిస్తున్నాయి, నోట్లో పోసుకోలేం. రోజూ క్యాన్ కొనలేక మీటరు బై మీటరు సిమెంటు తొట్టి కట్టి, లోపల నల్లరంగు వేసి, పైన ఏటవాలుగా అద్దం పెట్టా. నాలుగు అంగుళాల నీళ్ళు పోశా. అద్దానికి చెమటైతే బాగానే పడుతోంది కానీ సాయంత్రానికి సీసాలో ముప్పావు లీటరే, అదీ మే ఎండల్లో.

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
బాబూ, నాలుగు అంగుళాలంటే 100 లీటర్లు, అన్ని నీళ్ళు వేడెక్కేసరికే పొద్దుగూకిపోతుంది. రెండు సెంటీమీటర్లు చాలు. తొట్టి కింద వరిఊక గానీ థర్మాకోల్ గానీ మందంగా వెయ్యి, లేకపోతే వేడంతా నేలలోకే పోతుంది. అద్దం అంచుల్లో ఆవిరి పోకుండా సిలికాన్ పెట్టు. చుక్కలు మళ్ళీ తొట్టిలోనే పడుతున్నాయంటే అద్దానికి జిడ్డుందనో వాలు చాల్లేదనో అర్థం. లీటరు నీళ్ళు ఆవిరవ్వాలంటే దాదాపు 2.4 మెగాజౌళ్ళ వేడి కావాలి, మన ఎండ రోజుకి చదరపు మీటరుకి 18 దాకా ఇస్తుంది, అంటే ఏమీ వృథా కాకపోతే ఏడు లీటర్లు. ఇంట్లో కట్టినదానికి మూడొస్తే మంచి పనితనమే.

బెంగళూరు నుంచి:
మాస్టారు చెప్పింది నిజం, కానీ అసలు నష్టం అద్దం దగ్గరండీ, ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడంతా గాల్లో కలిసిపోతుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ, చైనాలోని షాంఘై జియావో టాంగ్ యూనివర్సిటీ వాళ్ళు పది అరలు పెట్టి, ఒక అర వదిలిన వేడితో పక్క అరలో నీళ్ళు ఆవిరి చేశారు, గంటకి చదరపు మీటరుకి 5.78 లీటర్లు తీశారు. ఇంట్లో అంత కట్టలేం గానీ దారి మాత్రం అదే.

లక్ష్మి:
తమ్ముడూ, ఆ రంగు వాసన పోయేదాకా వచ్చిన నీళ్ళు తాగకండి. రోజూ పొద్దున్నే నీళ్ళు పొర్లించి ఉప్పు కడిగెయ్యాలి, ఆ నీళ్ళు మొక్కలకి పొయ్యొద్దు. ఇంకో మాట, మన జిల్లాలో వాన ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అంటే చదరపు మీటరు డాబాకి వెయ్యి లీటర్లు, మీ తొట్టి ఏడాదంతా కష్టపడినా ఇంచుమించు అంతే ఇస్తుంది. వాననీళ్ళు కూడా పట్టుకోండి, తొట్టిని వేసవికి ఉంచుకోండి.

దివిసీమ కుర్రాడు:
రెండు సెంటీమీటర్లకి తగ్గించి కింద ఊక వేశానండీ, నిన్న 2 లీటర్ల 100 వచ్చింది! టీడీఎస్ 20 లోపే. ఈ వారం డాబా గొట్టం సంగతి చూస్తా అక్కా.