వ్యాన్‌లోనే పూర్తికాలం నివాసం: ఇల్లు ఖాళీ చేసే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

ప్రశ్న: దారిపొడుగు

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా ఇద్దరమూ ఎక్కడినుంచైనా కంప్యూటర్ మీద చేసుకోగల ఉద్యోగాల్లో ఉన్నాము. అద్దె ఒప్పందం ముగియగానే ఇల్లు ఖాళీ చేసి, లోపల నిటారుగా నిలబడగలిగేంత ఎత్తున్న వ్యాన్ ఒకటి కొని, అందులో మంచం, వంటగట్టు, చిన్న ఫ్రిజ్ అమర్చుకుని, సెలవుల్లో తిరిగి రావడానికి కాకుండా ఏడాది పొడవునా అందులోనే కాపురం ఉండాలని ఆలోచిస్తున్నాము. చాలాకాలంగా చదువుతూనే ఉన్నాము గానీ, దొరికిన సమాచారమంతా ఏ వ్యాన్ కొనాలి, లోపల చెక్కపని ఎలా చేయించాలి అన్న వాటి చుట్టూనే తిరుగుతోంది. రాత్రిళ్లు ఎక్కడ ఆపుకోవాలి, పగలంతా ఇద్దరి పనికీ కరెంటు ఎలా సరిపోతుంది, చలికాలంలో చెమ్మను ఎలా అదుపు చేయాలి, స్థిరమైన చిరునామా లేకపోతే ఏయే పనులు ఆగిపోతాయి అన్నవి మా సందేహాలు. ప్రస్తుతం వ్యాన్‌లో ఉంటున్నవారితో పాటు, కొంతకాలం ఉండి మానేసినవారు కూడా తమ అభిప్రాయం చెబితే మాకు మేలు చేసినవారవుతారు.

జవాబు: చక్రాలగూడు

దారిపొడుగు గారూ, మీరు వ్యాన్ గురించి కాకుండా రాత్రి బస గురించి ముందుగా అడగడం మంచి పని. ఇంట్లో ఉన్నంతకాలం నీళ్లు కుళాయిలో వస్తాయి, మురుగు గొట్టంలో పోతుంది, చెత్తబండి గుమ్మం దగ్గరికి వస్తుంది కాబట్టి వీటికి ఎంత శ్రమ అవసరమో మనకు తెలియదు. వ్యాన్‌లోకి మారాక ఆ శ్రమ అంతా మన చేతికే వస్తుంది. అద్దె తప్పుతుంది గానీ ఇంటిపని తప్పదు, పైగా దాన్ని చేసే చోటును కూడా మనమే వెతుక్కోవాలి.

రాత్రి బస విషయంలో అన్ని దేశాల్లోనూ అడ్డు వచ్చే ప్రశ్న ఒకటే: మీరు బండి నిలిపారా, లేక విడిది చేశారా? జర్మనీలో డ్రైవింగ్ అలసట తీర్చుకునేందుకు సాధారణ పార్కింగ్ స్థలంలో వాహనంలోనే ఒక రాత్రి నిద్రపోవడాన్ని ఒప్పుకుంటారు గానీ, బయట కుర్చీలు వేసి వ్యాన్ పక్కన పందిరి గుడ్డ చాపితే అది క్యాంపింగ్ కిందికి వస్తుంది. అమెరికాలో భూ నిర్వహణ బ్యూరో అధీనంలో ఉన్న బహిరంగ భూముల్లో చాలాచోట్ల ఉచితంగా ఉండవచ్చు గానీ, సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజులు దాటితే అక్కడినుంచి కదలాలి. నగరాల సంగతి వేరు, అక్కడ వీధికొక నిబంధన ఉంటుంది. చీకటి పడ్డాక చేరుకుని, శబ్దం చేయకుండా నిద్రపోయి, పొద్దున్నే కదిలిపోయేవారిని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. వరసగా అదే చోట కనిపిస్తే మాత్రం ఎవరో ఒకరు తలుపు తడతారు. రాత్రి రెండు గంటలకు ఆ చప్పుడు విని లేవడం ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

నీళ్ల విషయంలో బరువును కూడా లెక్కలోకి తీసుకోండి. లీటరు నీరు కిలో బరువు ఉంటుంది కనుక వంద లీటర్ల ట్యాంకు నింపితే బండిలోకి మరో వంద కిలోలు ఎక్కినట్టే. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుతో నడపగల వాహనానికి అనుమతించిన మొత్తం బరువు సాధారణంగా 3,500 కిలోలే కాబట్టి, చెక్క అల్మరాలు, బ్యాటరీలు, నీళ్లు, బట్టలు అన్నీ చేరాక పెద్ద వ్యాన్ కూడా ఆ గీతకు ఆనుకునే ఉంటుంది. ప్లాన్ కాగితం మీద గీయడం అయ్యాక కాదు, గీస్తూ ఉండగానే ప్రతి వస్తువు బరువూ పక్కన రాసుకోండి.

మరుగుదొడ్డి గురించి ఎవరూ ఫొటోలు పెట్టరు గనుక నేనే చెబుతాను. బయటికి లాగి ఖాళీ చేసే డబ్బా ఉన్న రకమైతే, ఇద్దరికి రెండు మూడు రోజుల్లోనే నిండుతుంది. నిండిన డబ్బా ఇరవై కిలోల దాకా బరువు తూగుతుంది, దాన్ని చేత్తో మోసుకెళ్లి, అందుకోసం కేటాయించిన చోటే ఒంపాలి. మూత్రాన్ని వేరు చేసే పొడి రకంలో దుర్వాసన తక్కువ, ఘనవ్యర్థం డబ్బా ఎక్కువ రోజులు వస్తుంది, అయితే మూత్రపు సీసాను దాదాపు ప్రతిరోజూ ఖాళీ చేయాలి. మీ ప్రయాణ క్రమాన్ని నిర్ణయించేది చూడదగిన ప్రదేశాలు కావు, ఈ డబ్బాయే.

జవాబు: ఆంపియర్

నేను కరెంటు వరకే మాట్లాడతాను. "ఎన్ని సోలార్ పలకలు పెట్టించాలి" అని మొదలుపెట్టకండి, రోజుకు ఎంత ఖర్చవుతుందో ముందు తేల్చండి. మీరు చెప్పినదాన్ని బట్టి నా అంచనా ఇది. రెండు ల్యాప్‌టాప్‌లు ఒక్కొక్కటి సగటున 40 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు నడిస్తే 640 వాట్-అవర్లు. పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఓ మాదిరి వాతావరణంలో 350, వేడిలో 500 దాకా. పైకప్పు ఫ్యాన్‌కు 250, దీపాలు, ఫోన్లు, రౌటర్ కలిపి 150 వేసుకోండి. అంటే దాదాపు 1,500 వాట్-అవర్లు. ఇందులో వంట లేదు, ఏసీ అసలే లేదు.

పన్నెండు వోల్టుల శ్రేణిలో 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు 2,560 వాట్-అవర్లు నిల్వ చేస్తుంది. ఎండ రాకపోయినా మీకు ఒకటిన్నర రోజు గడుస్తుంది. పాతకాలపు లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడైపోతుంది కనుక, దానితో ఇంతే వాడుక కావాలంటే రెట్టింపు సామర్థ్యం, అంతకు మించిన బరువు మోయాలి. లిథియం రకానికి ఒక పథ్యం ఉంది: సున్నా డిగ్రీల కంటే చల్లబడినప్పుడు దాన్ని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పొరగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. చలి ప్రాంతాలకు వెళ్లేట్లయితే బ్యాటరీని మనుషులుండే భాగంలోనే పెట్టించండి, లేదా తనను తాను వేడి చేసుకునే రకం తీసుకోండి.

పైకప్పు మీద 400 వాట్ల పలకలు పడుకోబెట్టినట్టు బిగిస్తే, మంచి ఎండ ఉన్న రోజున నష్టాలు పోను 1,300 నుంచి 1,500 వాట్-అవర్లు రావచ్చు. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల్లో చలికాలంలో అందులో ఐదో వంతు కూడా రాకపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది: వేసవిలో లోపల ఉడికిపోకుండా చెట్టు నీడన ఆపాలనిపిస్తుంది, కానీ పలకలకు కావలసింది ఎండ. అందుకే ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి వ్యాన్ లోపలి వాడుక బ్యాటరీకి ఛార్జ్ ఎక్కించే డీసీ-డీసీ ఛార్జర్ తప్పకుండా పెట్టించండి. ముప్పై ఆంపియర్ల ఛార్జర్ అయితే గంట ప్రయాణానికి సుమారు 400 వాట్-అవర్లు ఎక్కుతాయి.

ఇండక్షన్ పొయ్యి గురించి తరవాత ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. 1,200 వాట్ల పొయ్యి నడవాలంటే ఇన్వర్టర్ నష్టం కలిపి బ్యాటరీ నుంచి వంద ఆంపియర్లకు పైగా ప్రవహించాలి. సన్నని తీగ, వదులైన బిగింపు ఉంటే అక్కడే వేడెక్కి అంటుకుంటుంది. బ్యాటరీ ధన ధ్రువానికి వీలైనంత దగ్గరలో తగిన ఫ్యూజ్ లేని వ్యాన్‌లో నేనైతే పడుకోను.

జవాబు: తడిగోడ

పై ఇద్దరూ చెమ్మ జోలికి పోలేదు. ఇద్దరు మనుషులు ఒక రాత్రి నిద్రలో శ్వాస, చెమట ద్వారా గాలిలోకి వదిలే నీరు అర లీటరు దాకా ఉంటుంది. దానికి తోడు, గ్యాస్ పొయ్యి మీద కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. ఇల్లంత చోటులో ఇది తెలియకుండానే కలిసిపోతుంది, వ్యాన్‌లో మాత్రం చల్లబడిన ప్రతి రేకు మీదా చుక్కలుగా దిగుతుంది. తెల్లవారి లేచి పరుపు మూల ఎత్తి చూస్తే, కింది ప్లైవుడ్ మీద మనిషి పడుకున్న ఆకారంలోనే ముదురు రంగు తడి మచ్చ ఉంటుంది. పట్టించుకోకపోతే కొద్ది వారాల్లోనే అక్కడ నల్లటి బూజు చుక్కలు లేస్తాయి.

ఉష్ణనిరోధక పొర వేయించడం సగం పని మాత్రమే. గోడ రేకుల మధ్య ఎంత దళసరిగా నింపినా బండి ఇనుప పక్కటెముకలు బయటి చలిని లోపలికి తెస్తూనే ఉంటాయి, వాటి మీద కూడా పొర పరచాలి. పరుపు కింద గాలి ఆడేలా పట్టీల మంచం చేయించండి. చలిగా ఉన్నా సరే, రాత్రంతా పైకప్పు ఫ్యాన్‌ను అతి నెమ్మదిగా తిప్పుతూ, దానికి ఎదురుగా కింద ఒక కిటికీని వేలెడు తెరిచి ఉంచండి. వెచ్చదనం కొంత పోతుంది, పోనివ్వండి. మండేందుకు గాలిని బయటినుంచే తీసుకుని, పొగను గొట్టం ద్వారా బయటికే వదిలే డీజిల్ హీటర్ పెట్టించుకుంటే లోపల చెమ్మ పెరగదు.

పొయ్యి వెలిగించి ఆ సెగతో వ్యాన్‌ను వెచ్చబెట్టుకునే పని మాత్రం ఏనాడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారికి మెలకువ కూడా రాదు. దాన్ని కనిపెట్టే అలారం ఒకటి పడక దగ్గర ఉండాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది కనుక, లీకేజీని పసిగట్టే అలారాన్ని నేలకు దగ్గరగా బిగించాలి. ఈ రెండింటినీ ఒకే ఎత్తులో పక్కపక్కన పెట్టి పని అయిందనిపించేవారిని చూశాను.

జవాబు: మళ్ళీగడపలోకి

కొంతకాలం ఉండి మానేసినవారి మాట కూడా అడిగారు కనుక రాస్తున్నాను. నేను మానేసింది చలికో, చెమ్మకో, ఇరుకుకో కాదు. బండి మరమ్మతుకు వెళ్లిన ప్రతిసారీ ఇల్లు కూడా దానితో పాటే షెడ్డుకు వెళ్లిపోవడం నాకు పడలేదు. విడిభాగం రావడానికి వారం పడుతుందని మెకానిక్ మామూలుగానే చెబుతాడు, ఆ వారమంతా మన బట్టలు, మందులు, పని కాగితాలు అతని షెడ్డులో తాళం వెనుక ఉంటాయి. కొన్ని రోజుల బసకు సరిపడా సొమ్ము, భుజాన వేసుకుని దిగిపోయేలా సర్దిన సంచి ఒకటి ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోండి.

చిరునామా విషయం తేలిగ్గా తీసుకోవద్దు. బ్యాంకు, పన్నులు, వాహన రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఓటు, ఆరోగ్య బీమా అన్నీ ఒక స్థిర నివాసాన్ని అడుగుతాయి. తల్లిదండ్రుల చిరునామా వాడుకోవడం చాలామంది చేసే పని, అది చెల్లుతుందో లేదో మీరుండే దేశపు చట్టాన్ని బట్టి చూసుకోండి. వాహన బీమా తీసుకునేటప్పుడు అందులోనే నివసిస్తున్నామని స్పష్టంగా రాతపూర్వకంగా చెప్పండి. సెలవు ప్రయాణాల కోసమని తీసుకున్న పాలసీ, రేపు అగ్నిప్రమాదమో దొంగతనమో జరిగితే చెల్లదని తేలవచ్చు.

ఇష్టపడి వ్యాన్‌లో ఉండేవారినీ, అద్దె కట్టలేక వాహనంలో తలదాచుకునేవారినీ ఊరు ఒకే కళ్లతో చూస్తుంది. కాపలావాడు వచ్చి లేపినప్పుడు మనకు ఆ తేడా చెప్పుకోవాలనిపిస్తుంది, నాకు మాత్రం ఆ కోరికే సిగ్గుగా అనిపించేది.

కొనే ముందు అద్దె వ్యాన్ ఒకటి తీసుకుని, వాతావరణం బాగా లేని నెలలో, సెలవు పెట్టకుండా, మీ మామూలు పనివారాలు రెండు అందులో గడపండి. మంచి వాతావరణంలో, సెలవులో చేసిన పరీక్ష పరీక్షే కాదు.

దారిపొడుగు

అందరికీ కృతజ్ఞతలు. అద్దె వ్యాన్ సలహాను తప్పక పాటిస్తాము. మరొక్క సందేహం: ఇద్దరికీ ఒకే సమయంలో వీడియో సమావేశాలు ఉంటాయి. ఇంటర్నెట్ కోసం ఉపగ్రహ డిష్ తీసుకోవడం తప్పనిసరా?

చక్రాలగూడు

ఊళ్లకు దగ్గరగా తిరిగేట్లయితే తప్పనిసరి కాదు. రెండు వేర్వేరు నెట్‌వర్కుల సిమ్‌లు పట్టే రౌటర్, పైకప్పు మీద యాంటెన్నా ఉంటే చాలాచోట్ల సరిపోతుంది. లోహపు పెట్టెలో కూర్చున్న ఫోన్‌కు సిగ్నల్ బలహీనంగా అందుతుంది కనుక యాంటెన్నా బయట ఉండడం ముఖ్యం. ఇక ఇద్దరూ ఒకేసారి మాట్లాడవలసి వస్తే, ఒకరు ముందు సీటులో, మరొకరు వెనుక, మధ్యలో మందపాటి తెర. అయినా అవతలివారి గొంతు వినిపిస్తుంది కాబట్టి మంచి మైక్రోఫోన్లకు డబ్బు పెట్టండి. గోప్యమైన సమావేశాలుంటే ఒకరు దిగి నడకకు వెళ్లడమే మార్గం.

ఆంపియర్

డిష్ తీసుకుంటే నా లెక్క మారుతుంది. స్టార్‌లింక్ వంటి మామూలు పరిమాణపు డిష్ రకాన్ని బట్టి 50 నుంచి 100 వాట్ల దాకా లాగుతుంది, చిన్న రకం అందులో దాదాపు సగం. పనిగంటలు ఎనిమిదికే పరిమితం చేసినా రోజుకు మరో 400 నుంచి 800 వాట్-అవర్లు కలుస్తాయి. అప్పుడు 400 వాట్ల పలకలు మంచి ఎండలోనూ సరిపోవు. రోజూ గంటకు పైగా బండి నడపాలి, లేదా రెండు మూడు రోజులకోసారి కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్‌సైట్‌లో ఆగాలి. అద్దె వ్యాన్‌లో ఆ రెండు వారాలూ బ్యాటరీ మానిటర్ చూపే అంకెను ఉదయం, సాయంత్రం రాసి ఇక్కడ పెట్టండి, మీ వాడుకకు తగిన పరిమాణం చూసి చెబుతాను.