ఉగాది పుస్తకాల బల్ల: పిల్లలకు ఏ ఋతువుల పుస్తకాలు పెడదాం?

సమన్వయకర్త, పెర్త్ (ఆస్ట్రేలియా):

అందరికీ నమస్కారం. ఈసారి మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పిల్లల కోసం పుస్తకాల బల్ల ఏర్పాటు చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. పోయినసారి కథల పుస్తకాలు చాలినన్ని పెట్టాము. అందువల్ల ఇప్పుడు ఋతువులు, చెట్లు, పక్షులు, నది, నేల వంటి వాటిని ఉన్నది ఉన్నట్టుగా చెప్పే పుస్తకాలు పెట్టాలని అనుకున్నాము. మన సభ్యులలో ఎక్కువ మంది కోనసీమ, నరసాపురం, భీమవరం వైపు వారే కాబట్టి ఆ పుస్తకాలలో మన గోదావరి డెల్టా కనిపిస్తే మరీ బాగుంటుంది. పుస్తకాల బాధ్యత తీసుకున్న చెల్లెమ్మ ప్రస్తుతం అమలాపురంలో పుట్టింట ఉంది. తిరిగి వచ్చేటప్పుడు 20 కిలోల వరకు తేగలనని చెప్పింది. ఏవి తేవాలో అందరూ ఇక్కడే రాయండి.

పుస్తకాల బాధ్యురాలు, ప్రస్తుతం అమలాపురం:

అన్నయ్య గారికి, మిగిలిన వారందరికీ నమస్కారం. పది రోజులుగా ఇక్కడా, రాజమహేంద్రవరంలోనూ దుకాణాలు తిరిగాను. బంధువుల ఇళ్ళలో పిల్లలు చదివేసి అటక మీద పెట్టిన పుస్తకాలు కూడా దింపించి చూశాను. పేర్లు రాసే ముందు, వాటిని ఏ కొలతతో ఎంచానో చెప్పడం అవసరమని అనుకుంటున్నాను.

ఋతువుల పేరుతో దొరికే పిల్లల పుస్తకాలలో చాలావరకు చలి దేశాల పుస్తకాలకు తెలుగు రూపాలే. వాటిలో కాలాలు నాలుగు. ఒకదానిలో ఆకులు ఎర్రబడి రాలుతాయి, మరొకదానిలో పిల్లలు మంచుతో బొమ్మలు చేస్తారు. అలాంటి పుస్తకాన్ని గోదావరి గట్టు మీద కూర్చున్న పిల్లవాడు చదివినా, పెర్త్‌లో మన పిల్లవాడు చదివినా, తలెత్తి చూస్తే అందులో రాసినది ఒక్కటీ బయట కనిపించదు. పుస్తకంలో ఉన్నది పుస్తకానికే, బయట ఉన్నది బయటికే అని వాడు అనుకోవడం అక్కడే మొదలవుతుంది. కథల పుస్తకంలో అది లోపం కాదు గాని, నిజాలు చెప్పే పుస్తకంలో మాత్రం పెద్ద లోపమే.

అన్నిటికంటె నన్ను బాధించినది శరదృతువు. ఇంగ్లీషు వారి ఆకురాలు కాలాన్ని అనువాదకులు తేలికగా శరత్తు అని రాసేస్తున్నారు. మన శరత్తు ఆశ్వయుజ, కార్తిక మాసాలు. వరద తీసి గోదావరి నీరు తేటపడే కాలం, నది మధ్య లంకల మీద రెల్లు తెల్లగా పూసే కాలం, వెన్నెలకు పేరుపడిన కాలం. ఆకులు రాలేది శిశిరంలో, అంటే మాఘ, ఫాల్గుణాలలో. ఇది నేను పంచాంగం చూసి చెబుతున్న మాట కాదు. ఈ ఉదయం మా పెరట్లో బాదం చెట్టు కింద ఎర్రని ఆకులు ఊడ్చి వచ్చి ఇది రాస్తున్నాను. శరత్తు అన్న పేరు కింద ఎర్రని ఆకుల బొమ్మ వేసిన పుస్తకాలు మూడు చూశాను. మూడూ పక్కన పెట్టాను. మంచు అన్న మాటతోనూ ఇదే ఇబ్బంది. మన ఊళ్ళో సంక్రాంతి వేకువన కాలువ మీద కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. ఈ మూడు వేరువేరని చెప్పని పుస్తకం చదివి, అమలాపురంలో సంక్రాంతికి మంచు కురుస్తుందని విన్న పెర్త్ పిల్లవాడు ఏమనుకుంటాడో ఆలోచించండి.

కాబట్టి నా కొలత ఇది: పుస్తకంలోని విషయాన్ని పిల్లవాడు తన కంటితో సరిచూసుకోగలగాలి. అక్కడ కాకపోతే, తాతయ్య గారింటికి వచ్చినప్పుడు ఇక్కడ సరిచూసుకోగలగాలి.

ఆ కొలతకు నిలిచిన వాటిలో మొదటిది ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్. 2015లో మొదలైన ఈ ఆన్‌లైన్ వేదికలో తెలుగు పుస్తకాలు చదువు స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉన్నాయి. రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కనుక వీటిని నేను మోసుకు రానక్కరలేదు. పెర్త్‌లోనే అచ్చు తీయించవచ్చు. అయితే అక్కడ కథలూ, నిజ విషయాల పుస్తకాలూ కలిసే ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటి చదివి ఏరాలి. ఇప్పటివరకు 14 ఏరాను. తెలుగు చదవడం బాగా వచ్చిన పిల్లలకు హైదరాబాదులోని మంచి పుస్తకం వారి ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలోవి కొన్ని తెస్తాను. వీటిలో కాగితం అంత నునుపుగా ఉండదు, విషయం మాత్రం గట్టిది.

పదేళ్ళు దాటిన పిల్లల కోసం మహీధర నళినీమోహన్ గారి ‘కాలెండరు కథ’ తప్పకుండా పెట్టాలి. ఉగాది నాడు పంచాంగ శ్రవణం జరిగే చోట, ఏడాదిని, నెలను, రోజును మనిషి ఎలా లెక్కకట్టాడో చెప్పే పుస్తకం ఉండడం ఎంతో సబబు. పైగా మహీధర వారిది మన కోనసీమలోని ముంగండ. పక్షుల కోసం సలీం అలీ గారి ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ ఒక ప్రతి తెస్తాను. 1941లో మొదట వెలువడిన ఆ పుస్తకం పిల్లల కోసం రాసినది కాదు, ఇంగ్లీషులో ఉంటుంది. అయినా బొమ్మలు చూస్తూ పెద్దవారు పక్కన కూర్చుని చెప్పడానికి దానిని మించినది నాకు కనిపించలేదు. లకుముకి పిట్ట, గిజిగాడు, నారాయణ పక్షి, నత్తగుల్ల కొంగ అని తెలుగు పేర్లు చీటీల మీద రాసి ఆయా పుటలలో పెడతాను.

ఇక మన డెల్టా గురించే రాసిన పిల్లల పుస్తకం ఒక్కటైనా దొరుకుతుందని ఆశపడ్డాను గాని, బల్ల మీద పెట్టదగినది నాకు దొరకలేదు. రాయవలసినవి ఎన్ని ఉన్నాయో చూడండి. కొబ్బరి చెట్టుకు ఋతువంటూ లేదు. దాదాపు నెలకొక గెల వేస్తుంది, కాయ ముదరడానికి సుమారు ఏడాది పడుతుంది. కాబట్టి ఒకే చెట్టు మీద పూత, పిందె, బొండం, ముదురు కాయ అన్నీ ఒకేసారి ఉంటాయి. ఏడాది పొడవునా దింపు తీయగలగడం అందువల్లనే. ఇక పులస: సముద్రంలో విలస అనిపించుకున్న చేప, గోదావరికి ఎర్రనీరు వచ్చాక గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత మన పిల్లలందరూ విన్నదే, ఆ చేప ఎందుకు ఎదురీదుతుందో మాత్రం వారికి ఎవరూ చెప్పలేదు. 1978లో అభయారణ్యమైన, కాకినాడ దగ్గరి కోరింగలో మడ చెట్లు బురదలోంచి పైకి వేళ్ళు పొడిచి గాలి పీలుస్తాయి. కొన్ని జాతులలో గింజ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఆ తర్వాత బురదలోకి జారుతుంది. చేపలు పట్టే పిల్లి, నీటికుక్కలు ఉండేదీ అక్కడే. ఈ నెలలలోనే మన తీరాన ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ ఇసుక ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి లోపలి పిల్ల ఆడదా, మగదా అన్నది తేలుతుందని చెబితే ఎనిమిదేళ్ళ మా మేనకోడలు నన్ను మూడుసార్లు నిజమేనా అని అడిగింది. నిజాలు చెప్పే పుస్తకం కథ కంటె తక్కువ రుచిగా ఉంటుందనుకునే పెద్దవారు ఆ పిల్ల ముఖం చూసి ఉంటే బాగుండేది.

స్వచ్ఛంద సేవకురాలు, పెర్త్:

అక్కా, మీరు రాసినది చదివి మా ఇంట్లో పిల్లలు అప్పుడే తాబేళ్ళ గురించి అడగడం మొదలుపెట్టారు. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. మన పిల్లలలో సగం మందికి తెలుగు అర్థమవుతుంది గాని చదవడం రాదు. వారికి బల్ల దగ్గర ఏమి ఇవ్వాలి? రెండవది, పుస్తకాలతో పాటు ఒక గిజిగాడి గూడు, ఎండిన రెల్లు పూలు, కొన్ని గవ్వలు, పక్షి ఈకలు తెస్తే పిల్లలు చేతితో తాకి చూస్తారు కదా. తేగలరా?

పుస్తకాల బాధ్యురాలు:

చెల్లీ, గూడు, రెల్లు, ఈకలు, గింజలు వద్దు. ఆస్ట్రేలియాలో మొక్కలకు, జంతువులకు సంబంధించిన ఏ వస్తువునైనా విమానాశ్రయంలో ముందుగా ప్రకటించాలి. ప్రకటించినా గూడు, గింజలు, ఈకల వంటి వాటిని తీసేసుకునే అవకాశమే ఎక్కువ. కనిపించని పురుగో, తెగులో ఒక దేశం నుంచి మరొక దేశానికి పోయేది ఇలాగే కనుక ఆ కట్టడి న్యాయమైనదే, ప్రకృతి పుస్తకాల బల్ల పెట్టే మనం దానిని మరింత శ్రద్ధగా పాటించాలి. గూటిని దగ్గరగా తీసిన ఛాయాచిత్రాలు పెద్దవిగా అచ్చు వేయిద్దాం. మగ గిజిగాడు సగం అల్లి ఆపిన గూడు ఒకటి, పూర్తయిన గూడు ఒకటి పక్కపక్కన పెడితే, ఆడపక్షి చూసి ఒప్పుకున్నాకనే మిగిలినది అల్లుతాడని పిల్లలకు బొమ్మలోనే తెలుస్తుంది.

చదవడం రాని పిల్లల కోసం చెన్నైలోని తూలిక వారి పుస్తకాలు తెస్తాను. తెలుగు, ఇంగ్లీషు ఒకే పుటలో ఉంటాయి. తల్లి తెలుగు చదువుతుంటే పిల్లవాడు ఇంగ్లీషు వరుస మీద వేలు పెట్టి వెంబడించవచ్చు. అంతకంటె ముఖ్యం, గంటకొకసారి ఎవరో ఒకరు ఒక పుస్తకం గొంతెత్తి చదివి వినిపించడం. నిజ విషయాల పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవనక్కరలేదు. పిల్లలు వేలు పెట్టి చూపిన పుట నుంచే మొదలుపెట్టవచ్చు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, లంక గ్రామం:

నా కోడలు ఈ చర్చ చూపించగా రాస్తున్నాను. శరత్తు గురించి అమ్మాయి రాసినది అక్షరాలా నిజం. దానికి ఒకటి చేర్చదలిచాను. ఇక్కడి రైతు ఋతువుల కంటె కార్తెలనే ఎక్కువగా పట్టించుకుంటాడు. అశ్వనితో మొదలై రేవతితో ముగిసే 27 కార్తెలు ఏడాదిని సుమారు 13, 14 రోజుల ముక్కలుగా పంచుతాయి. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. అది మే నెల చివరి వారంలో వస్తుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చి నేల చల్లబడుతుంది. కాలువలకు నీళ్ళు వదిలాక సార్వా, అంటే తొలి వరి పంట, నారుమళ్ళు మొదలవుతాయి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. తొలకరికి పచ్చికలో కనిపించే ఎర్రని, మఖమలు వంటి ఆరుద్ర పురుగును పిల్లలకు చూపండి. దానికి ఎనిమిది కాళ్ళు. మనం పురుగు అంటున్నా అది సాలీళ్ళ, తేళ్ళ వైపు బంధువు. మా మనుమడి పుస్తకంలో దానికి ఆరు కాళ్ళే వేశారు. వాడు లెక్కపెట్టి నాకు చూపించాడు.

పుస్తకాల బాధ్యురాలు:

మాస్టారు గారికి నమస్కారాలు. మీ మనుమడు చేసినదే ఈ బల్ల దగ్గర ప్రతి పిల్లవాడూ చేయాలని నా కోరిక. మీ మాటతో నాకొక ఆలోచన వచ్చింది, అందరూ దయచేసి పరిశీలించండి.

పెర్త్ ఉన్న నేల అక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలది. వారు కూడా ఏడాదిని ఆరు ఋతువులుగానే చెప్పుకుంటారు: డిసెంబరు, జనవరి నెలల బిరక్ మొదలుకొని బునురు, జెరన్, మకురు, జిల్బ, కంబరంగ్. మనవి ఆరు, వారివి ఆరు, రెండిటిలోనూ రెండేసి నెలలు. పాఠశాలలో నాలుగు కాలాలు నేర్చుకుంటున్న మన పిల్లలకు, తాము పుట్టిన నేల ఋతువులు, తాతల నేల ఋతువులు రెండూ ఆరేనని తెలియడం చిన్న సంగతి కాదు. ఉగాది నాడు ఇక్కడ వేపపూత, కోయిల కూత ఉంటే అక్కడ బునురు వేడి తగ్గి జెరన్ వచ్చే రోజులు. జూన్‌లో మాత్రం రెండు చోట్లా వానే: ఇక్కడ ఎండ విరిగే వాన, అక్కడ చలితో వచ్చే మకురు వాన. స్థానిక గ్రంథాలయంలో నూంగార్ రచయితలే రాసిన ఋతువుల పుస్తకాలు అడిగి తెచ్చి మన పుస్తకాల పక్కన పెడదాం.

దొరకని డెల్టా పుస్తకాన్ని మనమే మొదలుపెడదాం. రెండు వైపులా తెరుచుకునే కార్తెల పుస్తకం ఒకటి కుట్టిస్తాను. ఎడమ పుటలో ఇక్కడి పెద్దవారు ఆ కార్తెలో తాము చూసినది రెండు మూడు వాక్యాలలో రాసి, ఒక ఛాయాచిత్రం పంపాలి. కుడి పుటలో పెర్త్ పిల్లలు అవే రోజులలో తమ ఇంటి దగ్గర చూసినది రాయాలి. విన్నది వద్దు, ఎక్కడో చదివినది వద్దు; చూసినది, చూసిన తేదీ, చోటు మాత్రమే. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో పిల్లలు ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని పూత, కాయ, ఆకు గమనించి నమోదు చేస్తున్నారు. మన పిల్లలు కూడా ఒక్కొక్క చెట్టు ఎంచుకుంటే కుడి పుటలు వాటంతట అవే నిండుతాయి.

సమన్వయకర్త:

కార్తెల పుస్తకానికి కార్యవర్గం అంగీకారం తెలిపింది. అచ్చు ఖర్చు సంఘం భరిస్తుంది. చెల్లెమ్మ ఏరిన 14 పుస్తకాలను ఇద్దరు చదివి, బొమ్మలలో, మాటలలో తప్పులుంటే వచ్చే శనివారం లోపల ఇక్కడ రాయండి. ఆ సాయంత్రం భారత కాలమానం 5 గంటలకు, పెర్త్‌లో 7:30కు మాట్లాడుకుందాం. మాస్టారు గారు కూడా దయచేసి రావాలి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

తప్పక వస్తాను. రెల్లు ఇప్పుడు పూతలో లేదు. పోయిన ఆశ్వయుజంలో మా లంక రేవు దగ్గర తీసిన చిత్రాలు నాలుగు ఉన్నాయి, తేదీలతో సహా పంపుతున్నాను. ఎడమ పుటలో మొదటి వాక్యం మా మనుమడే రాస్తానంటున్నాడు. ఆరుద్ర వచ్చేదాకా ఆగమన్నాను.