డోమ్ సి మంచు డేటా: గీతలో కార్బన్ డయాక్సైడ్ ముందు, వేడి తర్వాత వస్తోంది. ఎక్కడ తప్పింది?

నీలిమంచు:
అంటార్కిటికాలో డోమ్ సి దగ్గర ఎపికా ప్రాజెక్టు తీసిన మంచు కోర్ (లోతుగా తవ్వి తీసిన మంచు స్తంభం) డేటాను ఎక్సెల్‌లో గీస్తున్నాను. ఉష్ణోగ్రతకు గుర్తుగా వాడే డ్యుటీరియం విలువలు ఒక ఫైల్లో, కార్బన్ డయాక్సైడ్ ఇంకో ఫైల్లో ఉన్నాయి. లోతును బట్టి రెంటినీ జతచేసి, డ్యుటీరియం ఫైల్లో ఉన్న వయసునే రెంటికీ పెట్టాను. చివరి మంచుయుగం ముగిసేచోట కార్బన్ డయాక్సైడ్ 18 వేల ఏళ్ల దగ్గర లేవాల్సింది, 22 వేల దగ్గరే లేస్తోంది. చదివిన చోటల్లా "ఉష్ణోగ్రతే 800 ఏళ్లు ముందు" అని ఉంది. నా గీత దానికి పూర్తిగా తలకిందులు.

ఇంకో అనుమానం. పరిశ్రమల కాలానికి ముందు 8 లక్షల ఏళ్లలో కార్బన్ డయాక్సైడ్ 300 పీపీఎం (గాలిలో పది లక్షల్లో 300 వంతులు) దాటలేదంటారు. వందేళ్ల పాటు పెరిగి తగ్గిన సందర్భం ఏదైనా ఉంటే అసలు ఈ గీతలో కనపడుతుందా?

బుడగవయసు:
మంచు వయసును గాలికి అంటగట్టారు, అంతే. పడిన మంచు వెంటనే గట్టిపడదు. పైనున్న సుమారు 100 మీటర్లు గాలి ఆడే ఫిర్న్. అడుగున రంధ్రాలు మూసుకున్నప్పుడే గాలి బుడగగా చిక్కుతుంది. అందుకే ఏ లోతులో చూసినా బుడగలోని గాలి, చుట్టూ ఉన్న మంచు కన్నా వయసులో చిన్నది.

ఎంత చిన్నదన్నది ఏటా పడే మంచును బట్టి ఉంటుంది. డోమ్ సి దగ్గర ఇప్పుడు పడేది నీటి లెక్కలో ఏడాదికి 3 సెంటీమీటర్ల లోపే, కాబట్టి తేడా 2 వేల ఏళ్లు దాటుతుంది. మంచుయుగంలో ఇంకా తక్కువ పడేది, తేడా 4 వేలకు పైకి పోతుంది. మీ గీతలో జరిగిన జరుగుడు సరిగ్గా అదే. అంటార్కిటికాలోనే మంచు బాగా పడే లా డోమ్‌లో ఇది 30 ఏళ్ల ప్రాంతమే.

కార్బన్ డయాక్సైడ్ ఫైల్లో గ్యాస్ వయసు అని వేరే కాలమ్ ఉంటుంది, అది వాడండి. లోతుతో జతచేసే పని మానేయండి, ప్రతి సిరీస్‌కూ దాని వయసు దానికే. ఎక్సెల్‌లో లైన్ చార్ట్ కాదు, స్కాటర్ చార్ట్ ఎంచుకోండి. లైన్ చార్ట్ ప్రతి వరుసనూ సమాన దూరంలో పెడుతుంది. నమూనాల మధ్య కాలం సమానం కాదు కనుక గీత సాగిపోతుంది. రెండు ఫైళ్లూ ఒకే కాలమానంలో ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒకటి ఈడీసీ3లో, ఇంకొకటి ఏఐసీసీ2012లో ఉంటే లేని ఆలస్యం పుట్టుకొస్తుంది. వయసు పక్కన బీపీ అని ఉంటే 1950కి ముందు అన్నమాట. బీ2కే అంటే 2000కి ముందు, అందులోంచి 50 తీసేయాలి.

ధ్రువరేఖ:
ఆ 800 ఏళ్ల సంగతి. అది అంటార్కిటికాలోనే ఇంకోచోట తీసిన వోస్టాక్ కోర్‌లో, సుమారు 2.4 లక్షల ఏళ్ల నాటి మంచుయుగ ముగింపు మీద 2003లో వచ్చిన అంచనా, 200 ఏళ్లు అటూ ఇటూగా. ఉష్ణోగ్రతకు కూడా బుడగలోని ఆర్గాన్ ఐసోటోపులనే వాడారు. రెండు కొలతలూ ఒకే గాలివి కాబట్టి వయసు తేడా బెడద లేదు. చక్కటి ఉపాయం. కానీ ఆ ఒక్క ముగింపు అంకెను అన్ని ముగింపులకూ అతికించి తిప్పుతున్నారు, అదే చిరాకు. చివరి ముగింపు మీద 2013లో వచ్చిన పరిశోధనలో రెండూ దాదాపు ఒకేసారి లేచాయి, తేడా 200 ఏళ్ల లోపే. పైగా ఇదంతా అంటార్కిటికా ఉష్ణోగ్రత. భూమి మొత్తం సగటు చూస్తే చివరి ముగింపులో చాలావరకు కార్బన్ డయాక్సైడ్ వెనకే వేడి నడిచింది. భూమి కక్ష్యలో మార్పు ఆ వేడిని మొదలుపెట్టింది, దక్షిణ సముద్రం వదిలిన కార్బన్ దాన్ని పెంచింది.

గడ్డకట్టిన_గంట:
కొలతలో తప్పు ఎక్కడ దొర్లుతుందో కూడా తెలిసుంటే డేటాలో చెదురుమదురు చుక్కలు అర్థమవుతాయి. కార్బన్ డయాక్సైడ్ కోసం మంచును కరిగించరు. నీళ్లయితే అది కరిగిపోతుంది, దుమ్ములోని కార్బొనేట్ ఆమ్లంతో కలిసి కొత్తది పుడుతుంది. దుమ్ము ఎక్కువున్న గ్రీన్‌లాండ్ మంచును దీనికి నమ్మనిది అందుకే. గీతలు పడిన పైపొర చెక్కేసి, కొద్ది గ్రాముల ముక్కను శూన్యంలో చలిలోనే సూదులతో నలగ్గొడతారు. వచ్చిన గాలిలో తేమ తీసేసి, తెలిసిన ప్రామాణిక వాయువుతో పోల్చి కొలుస్తారు.

ఫిర్న్‌లో బరువైన అణువులు కిందికి దిగుతాయి, దాన్నీ సరిచేయాలి. నైట్రోజన్-15 (బరువైన నైట్రోజన్) లెక్క ప్రకారం ఒక్కో ద్రవ్యరాశి యూనిట్‌కు వెయ్యికి 0.4 అనుకోండి. కార్బన్ డయాక్సైడ్ 44, గాలి 29, తేడా 15. అంటే వెయ్యికి 6. 280 పీపీఎంలో 1.7 పీపీఎం తీసేయాలి. చిన్నదే, గీతను తలకిందులు చేసేది కాదు. లోతులో ఒత్తిడికి బుడగలు క్లాత్రేట్‌గా (గాలి అణువులు మంచు స్ఫటికంలోనే ఇమిడిపోయిన రూపం) మారే మండలంలో మాత్రం చుక్కలు బాగా చెదురుతాయి, అక్కడ ఒక్క చుక్కను నమ్మి మాట్లాడొద్దు.

బుడగవయసు:
రెండో అనుమానానికి: డోమ్ సి చిన్న ఎగుడుదిగుళ్లను చదును చేస్తుంది, నిజమే. ఒకే ముక్కలో ఎన్నో ఏళ్ల గాలి కలిసి ఉంటుంది, మంచుయుగంలోనైతే శతాబ్దాల గాలి. వేగం చూడాలంటే పశ్చిమ అంటార్కిటికాలో మంచు ఎక్కువ పడే వెయిస్ డివైడ్ కోర్ తీసుకోండి. చివరి ముగింపులో అక్కడ కనిపించిన గెంతులు ఒకటి రెండు శతాబ్దాల్లో 10 నుంచి 15 పీపీఎం. ఇప్పటి గాలి సంగతి చూస్తే, హవాయిలోని మౌనా లోవాలో 1958లో 315 దగ్గర మొదలైన కొలత 2024కి 420 దాటింది. అంత గాల్లోకి చేరితే వందేళ్లలో పోదు, వేల ఏళ్లు కొంత మిగిలే ఉంటుంది. కాబట్టి అలాంటిది ఎప్పుడైనా జరిగి ఉంటే డోమ్ సి గీతలో కూడా బొడిపె కనిపించాలి.

నీలిమంచు:
గ్యాస్ వయసు పెట్టి స్కాటర్‌లో గీశాను. 18 వేల దగ్గర రెండూ దాదాపు కలిసే లేస్తున్నాయి. కార్బన్ డయాక్సైడ్ ఫైల్ ఈడీసీ3లో ఉంది, డ్యుటీరియంది ఏఐసీసీ2012. దాన్ని మార్చి మళ్లీ గీస్తాను.