"తన మగడు"నా, "దను మగుడ"నా?

నల్లతెర:
రెండు రోజులుగా ఒక పాదం బుర్రలో తిరుగుతోంది. "అడిగినఁ దన మగడు నుడువడని..." ఆ తర్వాత "నడ యుడుగున్". గజేంద్రమోక్షమే, అంతవరకు తెలుసు, మిగతాది రావట్లేదు. ఎందుకు గుర్తొచ్చిందంటే, మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లల కోసం క్లౌడ్ డిప్లాయ్‌మెంట్ మీద తెలుగులో నోట్సు రాస్తూ "నాన్‌ఇంటరాక్టివ్" దగ్గర ఆగిపోయాను, అంటే మధ్యలో మనిషిని ఏమీ అడగకుండా నడిచేది. మొన్న రాత్రి డాకర్ ఇమేజ్ (యాప్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన మూట) బిల్డ్‌కి పెట్టి ఇంటికెళ్ళాం. ఇన్‌స్టాల్ కమాండుకి హైఫన్ వై (ముందే యెస్ అనే గుర్తు) ఇచ్చాం కాబట్టి ఇక ఏమీ అడగదనుకున్నాం. టైమ్‌జోన్ ప్యాకేజీ మాత్రం ఆఫ్రికా, అమెరికా, అంటార్కిటికా అని వరుసగా అంకెలేసి మీది ఏ ప్రాంతం అని అడిగింది. హైఫన్ వై జవాబిచ్చేది ప్యాకేజీలు తెచ్చి పెట్టే ఆప్ట్ అడిగే ప్రశ్నకే, ప్యాకేజీ సొంతంగా వేసే ప్రశ్నకు కాదు. తెల్లారి చూస్తే లాగ్‌లో చివరి పంక్తి ఇంకా ఆ ప్రశ్నే. ప్రశ్నలు ఎలా అడగాలో చెప్పే డెబియన్ ఫ్రంటెండ్ వేరియబుల్‌ని నాన్‌ఇంటరాక్టివ్ చేశాక బిల్డ్ పూర్తయింది. ఈ మాటకి తెలుగేమిటి? పద్యం కూడా ఎవరైనా పూర్తి చేయండి.

అరసున్న:
అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడువఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

మీరు రాసినట్టు "తన మగడు" కాదండీ, "దను మగుడ". మగుడ అంటే తిరిగి. తనకు మారు పలకడేమో అని లక్ష్మి ఆగిపోతుంది.

ఓరుగల్లు:
మా నాయనమ్మ నోట విన్నది "తన మగడు నుడువడని" అనే. ఆవిడ పుస్తకం చూసి నేర్చుకోలేదు, వాళ్ళమ్మ దగ్గర విని నేర్చుకుంది. సర్వలఘు కందం కదా, రెండో పాదాన్ని ఎటు తిప్పినా చివరి గణం తప్ప అన్నీ నలాలే (నాలుగు లఘువుల గణాలే). యతి అడిగిన, అని దగ్గర కుదిరిపోయింది. ఛందస్సు రెండు పాఠాలకూ ఒప్పుకుంటోంది, మరి ఏ ఆధారంతో కాదంటారు?

అరసున్న:
ఛందస్సుతో తేలదు, నిజమే. రాతలో చూడండి. "తన మగడు"లో నకు ఒక కొమ్ము, గకు ఒక కొమ్ము తగిలించి, డుకున్న కొమ్ము తీసేస్తే "తను మగుడ". కొమ్ములు అటూ ఇటూ కావడం రాయసకాళ్ళకు ఎంతసేపు? తెలియని మాటను తెలిసిన మాటగా మార్చుకోవడమే లోకంలో ఎక్కువ. మగుడ అందరికీ తెలియదు, మగడు తెలియనివాళ్ళు లేరు. కాబట్టి మగుడ ముందుది. పైగా "నుడువడు" అంటే మాట్లాడడు అంతే, "మగుడ నుడువడు" అంటే జవాబివ్వడు. నల్లతెర గారి బిల్డ్‌కి జరిగింది కచ్చితంగా రెండోది.

ఓరుగల్లు:
పోతన ఇల్లాలి మనసులోకి వెళ్ళి రాస్తున్నాడక్కడ. లక్ష్మీదేవి అని మనం అనుకుంటాం, ఆయనకు అక్కడ కనిపించేది మొగుణ్ణి ఏదో అడగబోయి ఆగిన మామూలు ఆడమనిషి. అక్కడ "మగడు" అన్నంత దగ్గరి మాట ఇంకోటి లేదు. మగుడ అని దిద్దితే ఆ ఇల్లు పోతుంది.

కాకినాడ కెరటం:
అసలు ప్రశ్న మర్చిపోతున్నారు. నాన్‌ఇంటరాక్టివ్‌కి పేరు పోతనే పెట్టి ఉంచాడు. "సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు, ఏ పరివారంబును జీరడు". ఎవర్నీ అడగకుండా కదిలిపోవడం. సిరికింజెప్పని పద్ధతి అని రాసేయండి.

నల్లతెర:
ఎంత బాగున్నా అది ఒప్పుకోలేనండీ. స్వామి శంఖం, చక్రం కూడా తీసుకోకుండా వెళ్ళాడు. మా పనిలో అడగకుండా జరగాలంటే అన్నీ ముందే చేతికివ్వాలి. గూగుల్ క్లౌడ్ కమాండుకి క్వయట్ ఫ్లాగ్ ఇస్తే ప్రశ్నలు ఆపేసి డిఫాల్ట్ జవాబులు తీసుకుంటుంది, డిఫాల్ట్ లేని చోట ఎర్రర్ ఇస్తుంది. యాప్‌లు నడిపే గూగుల్ సేవ యాప్ ఇంజిన్‌లో యాప్ మొదటిసారి సృష్టించేటప్పుడు ఏ రీజియన్‌లో అన్నది మనమే రాయాలి, తర్వాత మార్చడం కుదరదు. అలాంటిది చెప్పకుండా వదిలేస్తామా?

అరసున్న:
అయితే క్వయట్‌కి మౌనం. మౌనం అర్ధాంగీకారం.

ఓరుగల్లు:
అర్ధాంగీకారమా, అర్థాంగీకారమా? సగం ఒప్పుకోలు అంటే పొట్టలో చుక్క లేని ధ, అదే నా లెక్క. ఒత్తు థతో రాసేవాళ్ళను రోజూ చూస్తున్నాను.

నల్లతెర:
సగమే అయితే క్వయట్‌కి అతకదు. అక్కడ మౌనం పూర్తి ఒప్పుకోలే, అందుకే నాకు భయం. క్లౌడ్ వనరులను ఫైళ్ళలో రాసి కట్టించే టెర్రాఫామ్‌లో రెంటినీ విడదీశారు, వేరియబుల్స్ అడగొద్దనడానికి ఒక ఫ్లాగ్, ఆమోదం ఇచ్చేశామనడానికి ఆటో అప్రూవ్ అని ఇంకో ఫ్లాగ్. మనిషి ఎదురుగా ఉంటే యెస్ అని మూడక్షరాలూ టైప్ చేయాలి, ఒక్క వై కొడితే ఒప్పుకోదు. ముందు ఏమేం మారుతుందో చెప్పే ప్లాన్‌ని ఫైల్‌లోకి రాయించి, మనిషి చూశాక అదే ఫైల్‌ని అప్లై చేస్తే మళ్ళీ అడగదు. నాకు ఇదే నచ్చుతుంది. అడగడం మానేయలేదు, ముందుకు జరిపారు. దీనికి మాట కావాలి. "ముందుమాట" అంటే పుస్తకం పీఠిక అయిపోతుంది.

కాకినాడ కెరటం:
"ముందే చెప్పిన". అంతకంటే ఏం కావాలండీ.

అరసున్న:
అది విశేషణం, పేరు కాదు. "మారుమాటలేని" చూడండి. మగుడ నుడువడంలో ఉన్నది అదే మారుమాట.

ఓరుగల్లు:
మళ్ళీ మగుడ దగ్గరికే వచ్చారు. పోనీ సిడిముడి సంగతేంటి? మా ఇంట్లో చిడిముడి అనేవాళ్ళు.

నల్లతెర:
నోట్సులో ఇవాళ్టికి "అడగకుండా" అని పెట్టి పంపించేశాను, మార్చడానికి వీలుంది. మీ ఇళ్ళలో అష్టమ స్కంధం పాత ముద్రణ ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి, అచ్చయిన సంవత్సరం కూడా కనిపించేలా. నాయనమ్మగారి పాఠం ఎక్కడైనా అచ్చులో ఉందేమో చూడాలని ఉంది.