లాసన్స్ బే నుంచి రుషికొండా, రుషికొండ నుంచి భీమిలా? డౌన్‌విండ్‌కి ఏది అసలు రూటు?

ఉప్పుగాలి:
మే నెలలో వైజాగ్ వస్తున్నాను, పది రోజులుంటాను. సర్ఫ్‌స్కీ (తెడ్డుతో నడిపే సన్నటి, పొడవాటి పడవ) మీద డౌన్‌విండ్ చేద్దామని కోరిక. తెలియనివాళ్లకి: గాలిని వీపున పెట్టుకుని, వెనక నుంచి వచ్చే కెరటాల్ని ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూ పోవడం. మంచి గాలి ఒక్క రోజే దొరికితే ఎక్కడ దిగమంటారు?

భీమిలి బావ:
అడగడానికేముంది, రుషికొండలో దిగి భీమిలిలో తేలడమే. 14 కిలోమీటర్లు. మేలో గాలి నైరుతి, ఒడ్డు వెంట నీరు పారేదీ ఈశాన్యానికే. రెండూ ఒకే దిక్కు కాబట్టి కెరటం నిటారుగా లేచి విరగదు, సాగుతుంది. మొదటి 3 కిలోమీటర్లు ఒళ్లు వేడెక్కడానికే సరి. ఎడమవైపు తొట్లకొండ కనిపించేసరికి అసలు ఆట మొదలు. పడవ ముక్కు కిందికి వాలగానే నాలుగు తెడ్లు గట్టిగా వేసి చేతులాపేయాలి, ఇక కెరటమే మోస్తుంది. నా బెస్ట్ 1 గంట 20 నిమిషాలు.

తెడ్డు రావు:
ఉప్పుగాలి గారూ, పది రోజులకి వచ్చేవాళ్లకి ఆ రూటు వద్దు. లాసన్స్ బేలో దిగి రుషికొండకి రండి. బీచ్ రోడ్డు పక్కనే ఉంటుంది, ఆటోలో వెనక్కొచ్చి కారు తెచ్చుకోవచ్చు, ఓపికుంటే రెండో రౌండూ కొట్టొచ్చు. మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కే వీలుంది.

భీమిలి బావ:
7 కిలోమీటర్లకి పడవ దింపడం కూడా దండగే. పైగా కైలాసగిరి కింద గాలి చచ్చిపోతుంది. దాన్ని డౌన్‌విండ్ అనరు, షికారు అంటారు.

తెడ్డు రావు:
కొండకి అంటుకుని వెళితే గాలెలా తగులుతుంది? అరకిలోమీటరు లోపలికి వెళ్లి చూడు. పైగా 7 కాదు, 10.

భీమిలి బావ:
లాసన్స్ బే నుంచి 10 ఎలా అవుతుందయ్యా? మ్యాప్ తెరువు.

తెడ్డు రావు:
ఆర్కే బీచ్ నుంచి దిగితే 10.

భీమిలి బావ:
అదిగో! లాసన్స్ బే అన్నావు, ఇప్పుడు ఆర్కే అంటున్నావు, సాయంత్రానికి కాకినాడ అంటావు.

కొత్తతెడ్డు:
యారాడ నుంచి ఆర్కేకి వెళ్తే ఎలా ఉంటుంది?

జాలరిపేట కుర్రాడు:
హార్బర్ ముఖద్వారానికి అడ్డంగా వెళ్లాలి. నౌకలుంటాయి, నేవీ వాళ్లుంటారు. మర్చిపో బ్రో.

తెడ్డు రావు:
బావా, దూరం సంగతి పక్కన పెట్టు. రుషికొండ దాటాక తీరం కాస్త ఉత్తరానికి తిరుగుతుందా లేదా? అదే నైరుతి గాలి అక్కడ నిన్ను ఒడ్డు వెంట తోయదు, కొద్దికొద్దిగా లోపలికి తోస్తుంది. కెరటాల సరదాలో అది తెలియదు. తలతిప్పి చూసేసరికి ఒడ్డున కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా ఉంటాయి. ఎండాకాలం ఒక్కోసారి పడమటి గాలి లేస్తుంది, అప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు.

భీమిలి బావ:
అది చూసుకుని వెళ్లాలి. చూసుకోలేనివాళ్లకి స్విమ్మింగ్ పూల్ ఉంది.

తెడ్డు రావు:
సరే, ఆ మాట అన్నావు కాబట్టి అందరి ముందూ చెబుతాను. పోయిన మేలో మనిద్దరం వెళ్లాం. మంగమారిపేట దగ్గర గాలి పడమటికి తిరిగింది. నాలుగుసార్లు పడ్డాను, నాలుగోసారి పడవ మీదికి ఎక్కే ఓపిక లేదు. లీష్ (మనిషిని పడవకి కట్టి ఉంచే తాడు) పట్టుకుని నీళ్లలో వేలాడుతూ నిన్ను పిలిచాను. నీ వీపు మీద పసుపు జాకెట్, అది మూడు కెరటాల పాటు కనిపించింది, తర్వాత లేదు. తెప్ప మీద ఒక ముసలాయన వచ్చి తాడు కట్టి లాక్కొచ్చాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు, బీడీ ఉందా అని అడిగాడు. ఆటో మీద భీమిలి వచ్చేసరికి నువ్వు కారుకి పడవ కట్టేసుకుని ఉన్నావు. నన్ను చూసి మొదట అడిగిందేమిటో గుర్తుందా? "టైమెంత వచ్చింది?"

జాలరిపేట కుర్రాడు:
ఇద్దరికీ ఒకటి చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మీకు గాలి బాగుండే రోజుల్లోనే సముద్రం ఖాళీ. మామూలు రోజుల్లో అయితే ఎవరో ఒకరు చూస్తారు. రావు గారికి ఆ తెప్ప కనిపించడం అదృష్టం.

భీమిలి బావ:
నాకు వినబడలేదు. గాలిలో ముందున్నవాడికి వెనకవాడి అరుపు వినబడదు, అది నీకూ తెలుసు. తెలిసినా ఆ గాలికి ఎదురు తెడ్డేసి నీ దగ్గరికి రాలేను. ఏడాదిగా నువ్వు రూటు బాగోలేదంటుంటే రూటు గురించే అనుకున్నాను.

తెడ్డు రావు:
వెనక్కి రమ్మనలేదు. వెనక్కి చూడమన్నాను. నువ్వు వాచీ చూసుకున్నావు.

కొత్తతెడ్డు:
🙏

ఉప్పుగాలి:
అయ్యా, నేను రూటు అడిగానంతే. ఇంతకీ లాసన్స్ బేయే అనుకోనా?

జాలరిపేట కుర్రాడు:
లాసన్స్ బేయే. కనీసం ఇద్దరు వెళ్లండి, వెనకబడేవాణ్ని ముందు పెట్టండి. ఫోన్ జిప్ కవర్లో పెట్టి జాకెట్ లోపల దోపుకోండి, పడవకి కట్టకండి.

భీమిలి బావ:
రావూ, ఆదివారం లాసన్స్ బే. పొద్దున్న 6. కారు నేను తెస్తాను. నువ్వే ముందు.

తెడ్డు రావు:
6కి గాలెక్కడుంటుందయ్యా. 10కి రా.