సినిమా చూసి ‘పరవాలేదు’ అంటే మెచ్చుకున్నట్టా, కాదా?

ఈ నెలలో పిల్లలతో కలిసి మూడు సినిమాలు చూశాను. మూడోది అయిపోయాక పెద్దమ్మాయి నా వైపు తిరిగి “ఎలా ఉందమ్మా?” అంది. “పరవాలేదులే” అన్నాను. వెంటనే పట్టుకుంది. “బొమ్మల సినిమాకీ పరవాలేదే, హత్య కథకీ పరవాలేదే, దీనికీ పరవాలేదే! అసలు నీకు ఏది నచ్చింది?”

నిజానికి మూడింటి మీదా నాకు మూడు రకాల అభిప్రాయాలున్నాయి. బొమ్మల సినిమా చిన్నవాడు కోరి పెట్టించుకున్నది. నేను ఏ ఆశా లేకుండా కూర్చున్నాను. తప్పిపోయిన ఏనుగు పిల్ల, దూరాన తల్లి అడుగుల చప్పుడు విని చెవులు రిక్కించేసరికి పక్కనున్న మా వాడి చేయి గట్టిగా పట్టుకున్నాను. హత్య కథలో హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయింది. అయినా విసుగు పుట్టలేదు. మూడోది నేనే పట్టుబట్టి పెట్టించిన కుటుంబ కథ. అందరూ బాగా నటించారు కానీ, మాట వినిపించకుండా నేపథ్య సంగీతం మోగుతూనే ఉంది. ఏడవాల్సిన చోటు వస్తోందని సంగీతం ముందే చెప్పేస్తే నాకు కన్నీళ్లు రావు.

తరువాత గుర్తు చేసుకుంటే తెలిసింది, నేను మూడుసార్లూ ఒకే మాట అనలేదు. మొదటిదానికి “పరవాలేదే!” అన్నాను. రెండోదానికి “పరవాలేదు.” మూడోదానికి “పరవాలేదులే.” చివర ఒక్క అక్షరం మారితే అభిప్రాయం మొత్తం మారిపోయింది.

‘పరవా’ పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. చింత, లక్ష్యపెట్టడం అని దాని అర్థం. ‘పర్వా నహీఁ’లో ముందు సగం ఉంచుకుని, వెనక సగం తీసేసి మన ‘లేదు’ తగిలించుకున్నాం. మూలంలో ఉన్నది ‘ప’ కాబట్టి ‘ఫర్వాలేదు’ అని రాయనక్కరలేదని నా నమ్మకం. ‘పరవా ఉంది’ అని మాత్రం ఎవరూ అనరు. ‘ఖాతరు’ కూడా ఇలాంటిదే, ‘ఖాతరు చేయలేదు’ అన్నప్పుడే ఎక్కువగా వినిపిస్తుంది.

కాలు తొక్కినవారితో ‘పరవాలేదు’ అంటే అది క్షమించడం. జ్వరం తగ్గినవారిని చూసి ‘ఇప్పుడు పరవాలేదు’ అంటే ఇంటిల్లిపాదికీ ఊరట. అంత మంచి మాట సినిమా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చిన్నబోతుంది?

నన్ను ఇంకా తికమక పెడుతున్నది ‘ఏ’. ‘పరవాలేదు’కు ‘ఏ’ చేరితే మెప్పు పెరుగుతోంది. ‘బాగుంది’ని ‘బాగానే ఉంది’ అంటే మెప్పు తగ్గుతోంది. ఒకే ‘ఏ’ ఒకచోట పెంచి, ఒకచోట తగ్గించడం ఏమిటి? తెలిసినవారు చెప్పండి.

జవాబు: అమ్మా, అది చేరే చోటులో ఉంది కిటుకు. ‘పరవాలేదే’లో ‘ఏ’ క్రియ చివర చేరి ఆశ్చర్యాన్ని చెబుతోంది, ‘అరె, వచ్చాడే!’ అన్నట్టు. అనుకోనిది జరిగిందని భావం. ‘బాగానే’లో అది ‘బాగా’ను పట్టుకుని అవధారణ చేస్తోంది, అంటే ఆ మాట వరకేనని నొక్కి చెబుతోంది. బాగు వరకు ఒప్పుకుంటున్నాను, ఆ పైన అడగవద్దు అని గీత గీసినట్టు. అందుకే ‘బాగానే ఉంది’ అన్న మాట వినగానే మనం ‘కానీ...’ కోసం ఎదురుచూస్తాం.

మరో జవాబు: ‘చూడవచ్చు’ను కూడా ఈ వరుసలో చేర్చండి. ‘పిల్లలు చూడవచ్చు’ అంటే అనుమతి. ‘ఒకసారి చూడవచ్చు’ అంటే అభిప్రాయం. ఆ ‘ఒకసారి’లోనే రెండోసారి చూడక్కరలేదన్న తీర్పు ఉంది. మా ఇంట్లో సినిమాల సంగతి తేల్చేది ఆ మాటే.

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘కానీ’ కోసం ఎదురుచూడటమన్న మాట నా సందేహాన్ని పూర్తిగా తీర్చింది. ‘బాగానే చదువుతున్నాడు’ అని విన్నప్పుడల్లా మనసు ఎందుకు కలుక్కుమంటుందో కూడా ఇప్పుడు తెలిసింది. ‘లే’ గురించి ఎవరూ రాయలేదు. నాకు తోచినంతలో అది మాట్లాడటం ఇక చాలించమని చెప్పే ‘లే’. ‘సరేలే’, ‘పోనీలే’లలో ఉన్నదీ అదే.

ఈ జవాబులన్నీ రాత్రి పెద్దమ్మాయికి చదివి వినిపించాను. తను ఆ ‘లే’ విన్నదట, వినబట్టే అంత గట్టిగా అడిగిందట. మూడింటిలోనూ తనకు బాగా నచ్చింది ఆ కుటుంబ కథేనట.